2 వారాలా, 34 వారాలా: ఫుట్‌బాల్ మైదానం నుంచి వచ్చిన కంట్రీ హిట్ల లెక్క

అమెరికా కంట్రీ సంగీతంలో, ఒకప్పుడు అమెరికన్ ఫుట్‌బాల్ (బంతిని చేత పట్టుకుని, ఎదుటివాళ్లను నెట్టుకుంటూ ముందుకెళ్లే ఆట) ఆడి, తరవాత పాటల రచయితలై, చివరికి తాము రాసిన పాటను తామే పాడి చార్టుల్లో (పాటలకు వారం వారం స్థానాలిచ్చే పట్టికల్లో) మొదటి స్థానానికి చేరినవాళ్లు కొందరున్నారు. వాళ్లలో ఇద్దరిని పక్కపక్కన నిలబెడితే ఒక చిక్కు ఎదురవుతుంది. మైక్ రీడ్ పాడిన ‘వాక్ ఆన్ ఫెయిత్’ 1991 ఆరంభంలో బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ చార్టులో 2 వారాల పాటు మొదటి స్థానంలో నిలిచింది. శామ్ హంట్ పాడిన ‘బాడీ లైక్ ఎ బ్యాక్ రోడ్’ 2017లో అదే చార్టులో 34 వారాల పాటు కదలకుండా కూర్చుంది. అంకెలను ఉన్నవున్నట్టు తీసుకుంటే రెండో పాట మొదటిదానికంటే 17 రెట్లు పెద్ద హిట్ అవుతుంది. ఆ మాట నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. ఎందుకో తెలియాలంటే ఆ రెండు పాటలను కొలిచిన కొలబద్దలను విడివిడిగా చూడాలి.

‘సింగిల్’, ‘హిట్’, ‘సాంగ్‌రైటర్’ అన్న మాటలకు అక్కడ ఉన్న అర్థం

కంట్రీ అనేది అమెరికా దక్షిణ రాష్ట్రాల గ్రామీణ సంగీతంలోంచి పుట్టి, 1920ల నుంచి రికార్డుల ద్వారా, రేడియో ద్వారా వ్యాపించిన సంగీతం. ఫిడేలు, బాంజో, గిటారు, స్టీల్ గిటారు దాని పాత వాద్యాలు. టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ దాని రాజధాని. జానపదం అని అనువదిస్తే సగమే సరిపోతుంది, ఎందుకంటే ఇది ఆది నుంచీ రికార్డు కంపెనీలు అచ్చంగా వ్యాపారం కోసం నడిపిన సంగీతం కూడా.

సింగిల్ అంటే ఒక ఆల్బమ్‌కు ప్రతినిధిగా రేడియో స్టేషన్లకు పంపే ఒక్క పాట. ఆ పాట చార్టులో పైకి వెళితే హిట్. ఇక సాంగ్‌రైటర్ అన్న మాట దగ్గర తెలుగు పాఠకులు కాస్త ఆగాలి. మన సినిమా పాటలో సాహిత్యం ఒకరిది, బాణీ మరొకరిది. నాష్‌విల్‌లో సాంగ్‌రైటర్ అంటే మాటలకూ బాణీకీ కలిపి యజమాని. ఇద్దరు ముగ్గురు ఒక గదిలో గిటారో పియానోనో పెట్టుకుని పొద్దున కూర్చుని, సాయంత్రానికి ఒక పాటతో బయటికి రావడం అక్కడ రోజువారీ ఉద్యోగం. ఆ పాటను ఎవరైనా పేరున్న గాయకుడు రికార్డు చేస్తే దాన్ని ‘కట్’ అంటారు. ఏళ్ల తరబడి కట్లు దొరకని రచయితలే అక్కడ ఎక్కువమంది.

‘మాజీ ఆటగాడు’ అన్న మాట కూడా ఒకే స్థాయిని చెప్పదు. టోబీ కీత్ ఓక్లహోమాలో సెమీ ప్రొఫెషనల్ జట్టుకు ఆడుతూ చమురు బావుల దగ్గర పనిచేసి, 1993లో తాను రాసిన తొలి సింగిల్‌తోనే మొదటి స్థానానికి వెళ్లారు. ఛేజ్ రైస్ నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం తరఫున లైన్‌బ్యాకర్‌గా (రక్షణ వరస ఆటగాడిగా) ఆడి, గాయంతో ఆగిపోయి, కొంతకాలం కారు పందేల జట్టులో పిట్ సిబ్బందిగా (పందెం మధ్యలో ఆగిన కారుకు టైర్లు మార్చే బృందంలో) ఉండి, 2012లో వచ్చిన ‘క్రూజ్’ పాట అయిదుగురు రచయితల్లో ఒకరయ్యారు. శామ్ హంట్ బర్మింగ్‌హామ్‌లోని అలబామా విశ్వవిద్యాలయానికి క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు దాడిని నడిపే ఆటగాడు. కాన్సస్ సిటీ చీఫ్స్ జట్టులో చోటు కోసం ప్రయత్నించి, అది కుదరక 2008లో నాష్‌విల్ చేరారు. వీళ్లందరిలో అగ్రశ్రేణి ప్రొఫెషనల్ లీగ్‌లో నిలబడి ఆడి, పేరు తెచ్చుకున్నది మైక్ రీడ్ ఒక్కరే.

సిన్సినాటి డిఫెన్సివ్ టాకిల్ చేతుల్లో పియానో

రీడ్ 1947లో పెన్సిల్వేనియాలోని ఆల్టూనాలో పుట్టారు. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో చదివింది సంగీతం, ఆడింది ఫుట్‌బాల్. 1969లో కళాశాల స్థాయిలో ఉత్తమ లైన్‌మన్‌కు ఇచ్చే ఔట్‌లాండ్ ట్రోఫీ ఆయనకు వచ్చింది. 1970లో జాతీయ లీగ్ ఎంపికల్లో మొత్తం మీద 7వ ఆటగాడిగా సిన్సినాటి బెంగాల్స్ ఆయనను తీసుకుంది. ఆయన స్థానం డిఫెన్సివ్ టాకిల్. ఎదుటి జట్టు వరస మధ్యలోకి దూసుకెళ్లి బంతి ఉన్నవాడిని పడగొట్టడం ఆ స్థానంలో ఉన్నవాడి పని. ప్రతి ఆటలో పదుల సార్లు తనంత బరువున్న మనిషిని చేతులతో నెట్టడమే ఆ ఆట. ఆటలు లేని నెలల్లో ఇదే మనిషి అవే చేతులతో సింఫనీ ఆర్కెస్ట్రాలతో కలిసి పియానో వాయించేవారు. అమెరికా ఆటల చరిత్రలో వింత కలయికలు చాలానే ఉన్నాయి గాని, వేళ్లు విరిగే ప్రమాదం వారం వారం ఉండే పనిని ఒక పియానో విద్యార్థి ఎంచుకోవడం కంటే వింత నాకు వెంటనే తట్టడం లేదు.

1972, 1973 సీజన్లకు ఆయన లీగ్‌లోని మేటి ఆటగాళ్లు ఆడే ప్రో బౌల్‌కు ఎంపికయ్యారు. 1974 సీజన్ ముగిశాక, ఇంకా ఆడగల వయసులోనే, ఆట మానేశారు. మోకాళ్ల గాయాలు, చేతి గాయాలు ఒక కారణం. సంగీతం మరో కారణం. 1980లో నాష్‌విల్ చేరి గాయకుడు రానీ మిల్సాప్‌కు పాటలు రాయడం మొదలుపెట్టారు. ‘స్ట్రేంజర్ ఇన్ మై హౌస్’ పాటకు 1984లో ఉత్తమ కంట్రీ పాటగా గ్రామీ వచ్చింది. ఆ పురస్కారం రచయితకు ఇచ్చేది.

అంటే 1990 చివర్లో ‘వాక్ ఆన్ ఫెయిత్’ సింగిల్‌గా వచ్చేనాటికి రీడ్ కొత్తవాడు కాడు. పదేళ్లుగా ఇతరుల గొంతుల్లో వినిపిస్తున్న రచయిత, నలభై మూడేళ్ల వయసులో తన గొంతుతో ముందుకొచ్చారు. ఆలెన్ షాంబ్లిన్‌తో కలిసి రాసిన ఆ పాట ఆయన గాయకుడిగా మొదటి స్థానానికి తీసుకెళ్లిన ఒకే ఒక్క పాట. అదే ఇద్దరూ రాసిన ‘ఐ కాంట్ మేక్ యూ లవ్ మీ’ని 1991లో గాయని బానీ రెయిట్ పాడారు. ప్రియురాలి కారు మీద కాల్పులు జరిపిన ఒక మనిషిని, దీనివల్ల ఏం నేర్చుకున్నావని న్యాయమూర్తి అడిగితే, ఇష్టం లేని ఆడదాని చేత ప్రేమించేలా చేయలేమని నేర్చుకున్నానని అతను చెప్పినట్టు పత్రికలో చదివిన వార్త దానికి మూలమని ప్రసిద్ధి. మొదట వేగంగా సాగే బాణీలో అనుకున్న ఆ పాట, నెమ్మదించాక ప్రాణం పోసుకుంది. ఆ పాటకు కంట్రీ చార్టులో మొదటి స్థానం దక్కలేదు. కాని ఈ రోజు రీడ్ పేరు చెప్పగానే సంగీతం తెలిసినవాళ్లకు గుర్తొచ్చేది చాలావరకు అదే. చార్టు కొలతకు ఉన్న హద్దు ఆయన ఒక్కరి జీవితంలోనే ఇలా కనబడుతుంది.

1991లో మొదటి స్థానం అంటే రేడియోలో మొదటి స్థానం

‘వాక్ ఆన్ ఫెయిత్’ను కొలిచిన చార్టు లెక్కపెట్టింది ఒక్క విషయాన్నే: కంట్రీ రేడియో స్టేషన్లలో పాట ఎంత మోగింది. ఎన్ని క్యాసెట్లు అమ్ముడుపోయాయో ఆ చార్టుకు సంబంధం లేదు.

1990కి ముందు ఆ లెక్క మనుషుల నివేదికల మీద నడిచేది. ఏ పాటలు ఎక్కువగా వేస్తున్నారో స్టేషన్ల వాళ్లు వారం వారం చెప్పేవారు, పత్రిక కూడేది. అలా చెప్పే పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. రికార్డు కంపెనీ ప్రచారకులు స్టేషన్లతో మాట్లాడి, ఈ వారం మా పాటను పైన చూపించండి, వచ్చే వారం వాళ్ల పాటను చూపించండి అన్న తీరులో వంతులు తెచ్చుకునేందుకు అవకాశం ఉండేది. 1980ల మధ్యలో ఏడాదికి దాదాపు 50 పాటలు మొదటి స్థానానికి రావడం, అంటే దాదాపు వారానికొక కొత్త రాజు రావడం, ఆ పద్ధతి ఫలితమే.

1990 జనవరిలో ఈ చార్టు యంత్రాలకు మారింది. ప్రతి పాటకూ దాని ధ్వనిలోంచి తీసిన ఒక గుర్తును కంప్యూటర్లో భద్రపరిచి, స్టేషన్ల ప్రసారాన్ని రాత్రింబవళ్లు వింటూ, ఆ గుర్తు తగిలినప్పుడల్లా ఒకటి చొప్పున వేసుకునే పద్ధతి అది. స్టేషన్ మేనేజరు చెప్పే మాటతో పనిలేకుండా పోయింది. మొదటి స్థానానికి వచ్చే పాటల సంఖ్య తగ్గింది, వచ్చిన పాట నిలిచే కాలం పెరిగింది. పాట మోగిన సార్లకు ఎంత బరువివ్వాలి, అది మోగిన స్టేషన్ శ్రోతల సంఖ్యకు ఎంత బరువివ్వాలి అన్నది మాత్రం తరవాత కూడా మారుతూ వచ్చింది.

ఈ యంత్రాల లెక్కలో రీడ్ పాట 2 వారాలు నిలిచింది. ఆ రోజుల్లో రేడియో నడిచే తీరు గుర్తుపెట్టుకుంటే అది మంచి విజయమే. స్టేషన్ పాటల జాబితాలో స్థలం తక్కువ. పాట నెలల తరబడి మెల్లగా ఎక్కుతుంది, శిఖరం చేరగానే కంపెనీ తన బలాన్ని తరవాతి సింగిల్ మీదికి మళ్లిస్తుంది, స్టేషన్ కూడా పాత పాటను తగ్గించి కొత్తదానికి చోటిస్తుంది. శ్రోతకు ఆ పాట ఇంకా వినాలని ఉందా అన్న ప్రశ్నకు అక్కడ నేరుగా జవాబు చెప్పే మార్గమే లేదు.

ఇంకా వెనక్కి వెళితే కథ మళ్లీ మారుతుంది. ఎడీ ఆర్నాల్డ్ పాట ఒకటి 1947–48లో, హ్యాంక్ స్నో పాట 1950లో, వెబ్ పియర్స్ పాట 1955లో 21 వారాలేసి మొదటి స్థానంలో ఉన్నాయి. అవి జూక్‌బాక్సుల్లో వేసిన నాణేల లెక్కా, దుకాణాల్లో అమ్ముడైన రికార్డుల లెక్కా నడిచిన రోజులు. జనం డబ్బు పెట్టి ఎంచుకున్నదాన్ని కొలిస్తే పాట ఎక్కువ కాలం నిలవడం 2017లో పుట్టిన విచిత్రం కాదన్నమాట.

2012 అక్టోబరులో కొలబద్ద మారిన తీరు

2012 అక్టోబరులో బిల్‌బోర్డ్ ఈ చార్టు సూత్రాన్ని మార్చింది. ‘హాట్ కంట్రీ సాంగ్స్’ అన్న పేరు అలాగే ఉంచి, అందులోకి డిజిటల్ అమ్మకాలను, ఇంటర్నెట్‌లో విన్న లెక్కను చేర్చింది. రేడియోను లెక్కించేటప్పుడు కంట్రీ స్టేషన్లనే కాక పాప్ తదితర స్టేషన్లనూ కలిపింది. కంట్రీ స్టేషన్ల లెక్క మాత్రమే చూపే పాత పద్ధతిని ‘కంట్రీ ఎయిర్‌ప్లే’ అనే కొత్త పేరుతో వేరే చార్టుగా పెట్టింది. గందరగోళానికి అసలు కారణం ఇదే. పాత పేరు కొత్త లెక్కకు వెళ్లింది, పాత లెక్కకు కొత్త పేరు వచ్చింది.

ఊహాజనితమైన రెండు పాటలతో దీన్ని చూద్దాం. మొదటి పాటకు ఒక వారంలో కంట్రీ స్టేషన్లలో 4 కోట్ల వినికిడులు వచ్చాయనుకుందాం (ఒకే మనిషి మూడుసార్లు వింటే మూడుగా లెక్క), పాప్ స్టేషన్లలో అసలు లేదు, డౌన్‌లోడ్లు 20 వేలు, స్ట్రీములు 30 లక్షలు. రెండో పాటకు కంట్రీ స్టేషన్లలో 3 కోట్లు, పాప్ స్టేషన్లలో మరో 3 కోట్లు, డౌన్‌లోడ్లు 50 వేలు, స్ట్రీములు 90 లక్షలు. పాత సూత్రంలో మొదటి పాట స్పష్టంగా ముందుంటుంది, ఎందుకంటే చూసేది కంట్రీ స్టేషన్ల 4 కోట్లు, 3 కోట్లు మాత్రమే. కొత్త సూత్రంలో రెండో పాట ప్రతి అదనపు గడిలోనూ ముందున్నది కాబట్టి, ఏ గడికి ఎంత బరువిచ్చినా అది పైకి వెళ్లడం దాదాపు ఖాయం.

అసలు జరిగింది కూడా ఇలాగే. సూత్రం మారిన వారమే టేలర్ స్విఫ్ట్ పాట ఒకటి 21వ స్థానం నుంచి ఒక్కసారిగా మొదటి స్థానానికి ఎగిరింది. ఆ పాట వారంలో మారలేదు, కంట్రీ స్టేషన్లు హఠాత్తుగా దాన్ని నెత్తిన పెట్టుకోనూ లేదు. లెక్క మారింది. ఛేజ్ రైస్ చేయి ఉన్న ‘క్రూజ్’, ర్యాపర్ నెలీతో చేసిన రీమిక్స్ పాప్ స్టేషన్లలోకి కూడా వెళ్లడంతో, కొత్త లెక్కలో 24 వారాలు మొదటి స్థానంలో ఉండి 21 వారాల పాత రికార్డును దాటేసింది.

34 వారాల పాటను పాత కొలబద్దతో కొలిస్తే

హంట్ తన పాటను జాక్ క్రోవెల్, షేన్ మెకనాలీ, జాష్ ఆస్‌బార్న్‌లతో కలిసి రాశారు. 2017 ఫిబ్రవరి ఆరంభంలో విడుదలై, అదే నెలలో మొదటి స్థానానికి చేరి, అక్టోబరులో కేన్ బ్రౌన్ పాట వచ్చి దించేదాకా 34 వారాలు వరసగా అక్కడే ఉంది. పాటలో సగం మాట్లాడినట్టు, సగం పాడినట్టు సాగే గొంతు, చిటికెలతో నడిచే తాళం ఉన్నాయి. కంట్రీ శ్రోతలకూ పాప్ శ్రోతలకూ ఒకేసారి చెవికెక్కే నిర్మాణం అది. అన్ని రకాల సంగీతాలనూ కలిపి కొలిచే హాట్ 100 చార్టులో 6వ స్థానం దాకా వెళ్లింది.

ఇప్పుడు అదే పాటను రీడ్ పాటను కొలిచిన కొలబద్దకు వారసురాలైన కంట్రీ ఎయిర్‌ప్లేలో చూస్తే, అక్కడ అది మొదటి స్థానంలో ఉన్నది 3 వారాలు. ఈ అంకె దగ్గర ఒక్క క్షణం నిలబడాలి. 34 ఎక్కడ, 3 ఎక్కడ. కంట్రీ రేడియో తన పాత అలవాటు ప్రకారం మూడు వారాల్లో పాటను దించేసింది. తమ ఫోన్లలో విన్నవాళ్లు ఆ తరవాత కూడా నెలల తరబడి వింటూనే ఉన్నారు. ఒకే పాటకు ఒకే ఏడాది ఇద్దరు కొలతగాళ్లు ఇచ్చిన అంకెలివి. ఒకే తరహా కొలబద్దతో చూస్తే రీడ్‌కు 2, హంట్‌కు 3.

అయితే దీన్నిబట్టి రెండూ సమానమైన హిట్లని తేల్చడం కూడా తొందరపాటే. 1991లో స్ట్రీమింగ్ ఉండి ఉంటే రీడ్ పాట ఎన్ని వారాలు నిలిచేదో చెప్పే సాధనం లేదు. శతదినోత్సవాల నాటి సినిమానూ, మొదటి వారం వసూళ్ల నాటి సినిమానూ పోల్చబోయినప్పుడు మనకు ఎదురయ్యే ఇబ్బందే ఇది.

హంట్ రికార్డు కూడా ఎక్కువ కాలం నిలవలేదు. పాప్ గాయని బీబీ రెక్సా, ఫ్లోరిడా జార్జియా లైన్ అనే కంట్రీ జంట కలిసి పాడిన పాట 2017–18లో 50 వారాలు నిలిచి దాన్ని వెనక్కి నెట్టింది.

కొత్త లెక్క న్యాయమా అన్న వాదన

కొత్త సూత్రాన్ని సమర్థించేవారి వాదన సూటిగా ఉంటుంది. రేడియో చార్టు కొలిచేది స్టేషన్ నిర్వాహకుల ఎంపికను. అమ్మకాలు, స్ట్రీములు కొలిచేవి శ్రోత ఎంపికను. ప్రజలు నిజంగా ఏది వింటున్నారో చెప్పడమే చార్టు పని అయితే, ఒక్క రేడియోనే పట్టుకుని కూర్చోవడం కళ్లకు గంతలు కట్టుకోవడమే. రేడియో తలుపు తట్టి తట్టి అలసిపోయిన కళాకారులకు ఈ లెక్క మరో దారి ఇచ్చిందన్నది కూడా నిజమే: బియాన్సే కంట్రీ పాట 2024లో హాట్ కంట్రీ సాంగ్స్‌లో మొదటి స్థానానికి చేరింది, ఆ చార్టులో అలా చేరిన తొలి నల్లజాతి మహిళ ఆమె.

వ్యతిరేకించేవారు ప్రధానంగా పాప్ స్టేషన్ల లెక్కను తప్పుపడతారు. కంట్రీ చార్టులో ఒక పాట స్థానాన్ని కంట్రీ వినని శ్రోతలు నిర్ణయించడం ఏమిటన్నది వాళ్ల ప్రశ్న. ఫిడేలు, స్టీల్ గిటారులతో పాత బాణీలో పాడే గాయకుడు ఎంత బాగా పాడినా పాప్ స్టేషన్లలో మోగడు కాబట్టి, ఈ సూత్రం పాప్‌కు దగ్గరగా జరిగినవాళ్లకు బహుమతి ఇస్తుందని వాళ్లంటారు. ఒకే పాట ముప్పై, యాభై వారాలు పైన కూర్చుంటే మిగతావాళ్లకు మొదటి స్థానం అన్న గౌరవం జీవితంలో ఒక్కసారి కూడా దక్కకపోవచ్చన్న ఆవేదన వేరే ఉంది. ఈ మాటలో బలముంది. ఈ చార్టు కాలంలో మైక్ రీడ్ లాంటి రచయితకు గాయకుడిగా ఆ 2 వారాలు దొరికేవా అన్నది నాకు అనుమానమే.

హంట్ పాట అసలు కంట్రీయేనా అన్న రభస ఈ రెండు వాదనల మధ్య పుట్టింది. మాట్లాడినట్టు పాడటం కంట్రీ కాదనేవాళ్లు జిమీ డీన్ 1961లోనూ, జానీ క్యాష్ 1969లోనూ దాదాపు మాటల్లోనే కథ చెప్పి పెద్ద హిట్లు కొట్టారన్న సంగతి మరిచిపోతుంటారు. అయితే హంట్ తాళం వచ్చింది ఆ పాత కథల్లోంచి కాదు, హిప్‌హాప్‌లోంచి. ఆ మేరకు విమర్శకుల చెవి సరైనదే. ఏది కంట్రీ అన్నది చివరికి చార్టు నడిపేవాళ్లే తేల్చాల్సి రావడం ఈ లెక్కలో అన్నిటికంటే బలహీనమైన చోటు. 2019 మార్చిలో లిల్ నాస్ ఎక్స్ పాటను అది కంట్రీ కాదని బిల్‌బోర్డ్ ఈ చార్టు నుంచి తీసేసింది. అదే పాట హాట్ 100లో 19 వారాలు మొదటి స్థానంలో ఉంది.

రచయిత చేతికి వచ్చేది

చార్టు పేరు తెస్తుంది, డబ్బు లెక్క వేరు. అమెరికాలో మామూలు రేడియో స్టేషన్ పాట వేసినప్పుడు రచయితకూ, ఆ పాట హక్కులు చూసుకునే ప్రచురణ సంస్థకూ రుసుము చెల్లిస్తుంది. పాడిన గాయకుడికీ రికార్డు కంపెనీకీ చెల్లించదు. అందుకే రీడ్ లాంటి మనిషికి పాడటం కంటే రాయడమే నమ్మకమైన బతుకు.

కాపీల మీద వచ్చే రుసుమును చట్టం నిర్ణయిస్తుంది. 1991లో మామూలు నిడివి పాటకు ఒక్కో కాపీకి 5.7 సెంట్లు. లక్ష కాపీలు అమ్ముడైన ఆల్బమ్‌లో ఇద్దరు కలిసి రాసిన ఒక పాట ఉందనుకుంటే, వచ్చేది 5,700 డాలర్లు. చెరిసగం చేస్తే 2,850. ప్రచురణ సంస్థ సగం తీసుకునే ఒప్పందమైతే రచయితకు 1,425. ఇందులో ఇంకో మెలిక ఉంది. తాను రాసిన పాటను తానే పాడే గాయకుడి చేత రికార్డు కంపెనీలు తరచుగా ఈ రేటులో ముప్పాతిక మాత్రమే తీసుకునేలా ఒప్పందం రాయించుకునేవి. అలాంటి ఒప్పందంలో 1,425 కాస్తా 1,069 దాకా దిగుతుంది. అదే పాట ఇంకొకరు పాడి ఉంటే పూర్తి రేటు అడగవచ్చు.

2017 నాటికి రేటు 9.1 సెంట్లు. పది లక్షల డౌన్‌లోడ్లకు 91,000 డాలర్లు. నలుగురు రచయితలు సమానంగా పంచుకున్నారనుకుంటే తలా 22,750, ప్రచురణ వాటా పోతే 11,375. ఒక పాట గదిలో ఎంతమంది కూర్చుంటున్నారన్నది స్నేహాల సంగతి మాత్రమే కాదని ఈ భాగహారం చెబుతుంది.

హంట్ కూడా మొదట ఈ గదుల్లోంచే వచ్చారు. మెకనాలీ, ఆస్‌బార్న్‌లతో కలిసి రాసిన ‘కమ్ ఓవర్’ను కెనీ చెస్నీ పాడగా అది 2012 వేసవిలో కంట్రీ చార్టులో మొదటి స్థానానికి చేరింది. అంటే సూత్రం మారడానికి కొద్ది వారాల ముందు. రచయితగా శామ్ హంట్ తొలి నంబర్ 1ను కొలిచింది, కంట్రీ రేడియోను తప్ప మరి దేన్నీ లెక్కపెట్టని ఆ పాత కొలబద్దే.